రాదు కాదు, రానియ్యలేదు

లెక్కల పంతులుగా 31 సంవత్సరాలు చేశాను. ఇన్నేళ్ళలో మా గూడేల పిల్లల నోటినుంచి నేను ఎక్కువసార్లు విన్న మాట ‘రాదండి’. ప్రశ్న సగంలో ఉండగానే లేచి నిలబడతారు. తల దించుకుని ‘నాకు రాదండి’ అంటారు. అడిగేదేందో కూడా వినరు. వింటే ఎక్కడ వచ్చేస్తదోనని భయపడ్డట్టు.

దీనికి స్టాఫ్‌రూముల్లో రకరకాల పేర్లు విన్నాను. మొదట్లో ‘వాళ్ళ బుర్రలంతే’ అనేవాళ్ళు. తర్వాత కాస్త మర్యాద తెలిసినోళ్ళు వచ్చి ‘ఇంట్లో వాతావరణం’ అన్నారు. ఆ తర్వాత శిక్షణా తరగతుల్లో ‘ఆత్మన్యూనత’ అన్నారు, ‘నెగెటివ్ థింకింగ్’ అన్నారు. పేరు మారింది గానీ నేరం పిల్లోడి నెత్తిమీదనే ఉండిపోయింది. ఆ మాట పిల్లోడి నోట్లో ఎవరు పెట్టారని అడిగినోడు లేడు. నేనూ చాలా ఏళ్ళు అడగలేదు. అడగకపోగా, పెట్టినోళ్ళలో నేనూ ఒకణ్ణి. అది ఒప్పుకోడానికే ఇది రాస్తున్నా.

మాది ఒంగోలు దగ్గర ఒక పల్లె. మా నాయన చెప్పులు కుట్టేవాడు, మోటలకి తోలు తొండాలు కుట్టేవాడు. మోటలు పోయి ఆయిలింజన్లు వచ్చాక ఒక ఆసామి దగ్గర పాలేరుగా కుదిరాడు. నేను ఊరి బడిలో ఐదో తరగతి చదివింది 1970లో. మాదిగపల్లె పిల్లలం ఐదుగురం, వెనక గోడకి ఆనుకుని కూచునేవాళ్ళం. అయ్యవారు మమ్మల్ని కొట్టేవాడు కాదు. కొట్టాలన్నా దగ్గరికి రావాల గదా. బోర్డు దగ్గరికి మాత్రం ఎప్పుడూ పిలవలేదు. ‘మీరు పలకల మీద చేసుకోండ్రా’ అనేవాడు. అది మా మీద జాలి అనుకునేవాణ్ణి. సుద్దముక్క చేతులు మారుతుందనీ, అసలు సంగతి అదనీ అప్పట్లో తెలియదు.

ఒకరోజు ఆయన రాలేదు. వేరే ఊరినుంచి వచ్చిన అయ్యవారు, సంగతి తెలియక, నన్ను బోర్డు దగ్గరికి పిలిచాడు. భాగహారం. పలక మీదయితే కళ్ళు మూసుకుని చేసేవాణ్ణే. అంత పెద్ద నల్లబల్ల ముందు అందరికీ వీపు చూపించి నిలబడేసరికి చెయ్యి వణికింది. శేషం తప్పొచ్చింది. ముందు వరసలోంచి ఎవడో ‘మాదిగోడికి లెక్కలేందిరా’ అన్నాడు. తరగతంతా నవ్వింది. నాకంటే ముందు కరణంగారి మనవడు అదే లెక్క తప్పు చేశాడు. ‘చూసి చెయ్యరా అబ్బాయ్’ అన్నారు వాణ్ణి, అంతే. వాడి తప్పు లెక్కలో తప్పు. నా తప్పు కులంలో తప్పు. పదేళ్ళవాడికి ఇంతకంటే వివరంగా ఎవరూ చెప్పక్కర్లేదు.

మర్నాటినుంచి ‘రాదండి’ అనడం నేర్చుకున్నా. రాదంటే కూచోమంటారు. బోర్డు దగ్గరికి పోనక్కర్లేదు. ఒక్కడి తప్పుకి పల్లె మొత్తాన్ని నవ్వులపాలు చెయ్యనక్కర్లేదు. రాదు అనేది మాకు వానలో గొంగళి లాంటిది. కప్పుకున్నవాణ్ణి చూసి ‘వీడికి గొంగళంటే ఇష్టం’ అనేవాళ్ళే గానీ, వాన సంగతి మాట్లాడినోళ్ళు లేరు.

చాలా ఏళ్ళ తర్వాత ధనంజయ్ కీర్ రాసిన అంబేద్కర్ జీవితచరిత్రలో ఒకచోట చదవడం ఆపేశాను. బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ హైస్కూల్లో పంతులు భీమ్‌ని బోర్డు మీద లెక్క చెయ్యమని పిలిచాడు. అంతే, పిల్లలందరూ అరుచుకుంటూ బోర్డు దగ్గరికి పరిగెత్తారు. వాళ్ళ అన్నం డబ్బాలు బోర్డు వెనక ఉన్నాయి. అంటరాని పిల్లోడు దగ్గరికొస్తే అన్నం మైలపడుతుంది. డబ్బాలన్నీ తీసినాక ఆయన బోర్డు దగ్గరికి పోయాడు. సతారా బడిలో కూచోడానికి గోనెపట్టా ఇంటినుంచి తెచ్చుకుని మళ్ళీ ఇంటికే మోసుకుపోవడం, ప్యూను నీళ్ళు పోస్తే తప్ప దప్పిక తీరకపోవడం ఆయనే రాసుకున్నాడు. అవి మనవాళ్ళందరికీ తెలుసు, మీటింగుల్లో చెప్తాం. నన్ను పట్టుకున్నది మాత్రం ఆ బోర్డు. బోర్డుకీ మాకూ మధ్య అన్నం డబ్బాలున్నాయని నాకు అంతవరకూ తెలియదు. నా చెయ్యి ఎందుకు వణికిందో నలభయ్యేళ్ళు దగ్గర పడ్డాక తెలిసింది.

అప్పటినుంచి ఈ ‘రాదు’కి చరిత్ర వెతకడం మొదలుపెట్టాను. అది మనసులో పుట్టిన రోగం కాదు. ఆఫీసు కాగితాల మీద పుట్టింది. 1856లో ధార్వాడలో ఒక మహర్ పిల్లోడు సర్కారు బడిలో చేర్చుకోమని అర్జీ పెట్టుకున్నాడు. బొంబాయి ప్రభుత్వం ఇచ్చిన జవాబు సారాంశం ఇది: వాడు అడిగేదాంట్లో న్యాయం ఉంది, అయితే ఒక్కడి కోసం మిగతా అందరికీ బడి పనికిరాకుండా చెయ్యలేం. న్యాయం అని ఒప్పుకుని మరీ తలుపేశారు. ఆ పిల్లోడు ‘రాదు’ అనలేదు, ‘వస్తా’ అన్నాడు. రానియ్యలేదు. మన చరిత్ర రాసేవాళ్ళు ఈ రెండు మాటల మధ్య తేడా చూడాల.

రానిస్తే ఏమవుతుందో అప్పటికే రుజువై ఉంది. 1848లో పూణేలో ఆడపిల్లలకి బడి పెట్టిన జోతిరావు, సావిత్రిబాయి ఫూలేలు తర్వాత మహర్, మాంగ్ పిల్లలకీ బడులు పెట్టారు. ఆ చదువు చదివిన ముక్తా సాల్వే అనే 14 ఏళ్ళ పిల్ల, మాంగ్, అంటే అక్కడ మన మాదిగల్లాంటి కులం, తమ బాధల మీద ఒక వ్యాసం రాసింది. 1855లో ‘జ్ఞానోదయ’ పత్రికలో అచ్చయింది. వేదాలు మాకు కానప్పుడు మా మతం ఏదో చెప్పమని దేవుణ్ణే నిలదీసింది. ధార్వాడ పిల్లోడికి తలుపెయ్యడానికి ఏడాది ముందు! ఈ పిల్లకి ఎవరైనా ‘ఆత్మవిశ్వాసం’ మీద తరగతి పెట్టారా? అక్షరం చేతికిచ్చి, రాయమన్నారు. రాసింది.

మా ప్రాంతంలో అక్షరం మిషను బడి దారిన వచ్చింది. ఒంగోలు బాప్టిస్టు మిషను క్లౌ దొర మాదిగల్ని చేర్చుకోబోతే, వాళ్ళొస్తే మా పిల్లల్ని పంపం అన్నారు పైకులాలవాళ్ళు. ఆయన మాదిగల వైపే ఉన్నాడు. 1876-78 కరువులో బకింగ్‌హాం కాలవ మూడున్నర మైళ్ళు తవ్వించే కాంట్రాక్టు తీసుకుని మావాళ్ళకి కూలి చూపించాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెలంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కూటి కోసం కలిశారని ఎగతాళి చేస్తారు గానీ, కరువు నడిచినంత కాలం ఆయన బాప్తిస్మాలు ఇవ్వలేదు. మా తాత అట్టాంటి పల్లె బడిలోనే చింతచెట్టు కింద ఇసకలో దిద్దుకున్నాడు. ఆ బడిలో ముందు వరసా వెనక వరసా ఉండేది కాదట, అందరూ మాదిగలే గదా! తాతకి ‘రాదు’ అనే మాట తెలియదు. కూడికలు నోటితో చేసేవాడు. ఊరి బడికి పోయిన నాకే తెలిసింది. ఊరి బడి వద్దని కాదు నేననేది. ఊరి బడిలో అక్షరంతో పాటు ఇంకేం నేర్పారో చెప్తున్నా.

పిలిచే పేరు సంగతి కూడా చెప్పుకోవాల. 1917 నవంబరులో విజయవాడలో పెట్టిన సభకి ముందు అనుకున్న పేరు పంచమ సభ. అధ్యక్షుడుగా హైదరాబాదు నుంచి వచ్చిన భాగ్యరెడ్డివర్మ ఆ పేరు ఒప్పుకోలేదు. ఐదోవాళ్ళం కాదు, ఈ నేలకి మొదటివాళ్ళం అన్నాడు. ఆది ఆంధ్ర సభ అయింది. ఆయన హైదరాబాదులో ఇసామియా బజారు, లింగంపల్లి లాంటి చోట్ల బడులు కూడా పెట్టాడు. బడీ పేరూ రెండూ కలిపే పట్టుకున్నాడంటే, బిడ్డని ఏమని పిలుస్తామో దాన్నిబట్టి బిడ్డ పలుకుతాడని ఆయనకి తెలుసు. నాకు తెలియలేదు.

హైస్కూల్లో మమ్మల్ని ‘హరిజన పిల్లలు లేవండి’ అని లేపేవాళ్ళు, స్కాలర్‌షిప్ కాగితాలు వచ్చినప్పుడల్లా. లేచేవాళ్ళం. అప్పటిదాకా పక్కన కూచుని నవ్వుతూ మాట్లాడినోడు జరిగి కూచునేవాడు. హాస్టల్లో ఒక అన్న దయవల్ల నాకు మళ్ళీ లెక్కలు వచ్చాయి. ఆయన ముందు తప్పు చేస్తే తల మీద ఒకటిచ్చేవాడు, నవ్వేవాడు కాదు. డిగ్రీ అయింది, కూలికి పోయాను, ట్యూషన్లు చెప్పాను. 1985 జూలై 17న కారంచేడులో మావాళ్ళని చంపినప్పుడు బి.ఇడి.లో ఉన్నా. చీరాల శిబిరానికి పోయాను. ‘మాకు మాట్లాడటం రాదు నాయనా’ అన్న ఆడవాళ్ళే వారం తిరిగేసరికి మైకు పట్టుకుని మాట్లాడటం చూశాను. వాళ్ళకి ఎవరూ నేర్పలేదు. అడ్డం లేచింది, అంతే. అది చూసి కూడా నా తరగతిలో ఏం చెయ్యాలో నాకు తట్టలేదు.

1989లో ఉద్యోగం వచ్చింది. నేను కోటా పంతుల్ని. ఆ మాట నా ముందు అనరు, నేను గదిలోకి అడుగు పెట్టగానే మాట మారుస్తారు. మర్నాడు చెప్పబోయే ప్రతి లెక్కా రాత్రిపూట మూడుసార్లు చేసుకుని పోయేవాణ్ణి. బోర్డు మీద నా చేతిలో ఒక్క తప్పు దొర్లితే అది లెక్కలో తప్పు కాదు గదా! పంతులైనా నా గొంగళి నా భుజం మీదనే ఉంది.

ఆ బడిలో ఎనిమిదో తరగతిలో ఒక మాదిగ పిల్ల ఉండేది. పేరు రాయను. ‘నాకు రాదండి’ అనడంలో అందరికంటే ముందుండేది. మొదట తిట్టాను. తర్వాత బుజ్జగించాను. ఏప్రిల్ 14న బడి వదిలాక మా పిల్లల్ని కూచోబెట్టి గంటసేపు ఉపన్యాసం ఇచ్చాను. గోనెపట్టా మీద కూచున్నోడు రాజ్యాంగం రాశాడు, మీరెందుకు చెయ్యలేరు అన్నాను. ఆ పిల్ల మెల్లగా, ‘ఆయన అంబేద్కర్ గదా సార్’ అంది. అంత దూరాన నిలబెట్టాను నేను ఆయన్ని. ఆయన డిగ్రీలన్నీ చెప్పాను గానీ ఆయన చెయ్యి కూడా వణికి ఉంటుందని చెప్పలేదు.

అసలు తప్పు ఇంకొకటి. ఆ ఏడు వేసవి సెలవులయ్యాక స్కాలర్‌షిప్ కాగితాలు వచ్చాయి. నేను తొమ్మిదో తరగతి గదిలోకి పోయి, హాజరు పట్టీ పట్టుకుని, ‘ఎస్సీ పిల్లలు లేవండి’ అన్నాను. నా నోటితో. హరిజన తీసి ఎస్సీ అనడమే నాకు అభ్యుదయంగా ఉంది. పదకొండుమంది లేచారు. ఒక్కొక్కరి పేరూ తండ్రి పేరూ చదివాను. అదే గంటలో పరీక్ష కూడా పెట్టాను. కాగితాలు దిద్దుతుంటే, అంతకు ముందు వారం బాగా చేసిన నలుగురు సగం లెక్కలు ఖాళీగా వదిలేశారు. పొద్దున అన్నం తినకుండా వచ్చారేమో అనుకున్నా. అట్టా అనుకోవడం నాకు సుఖంగా ఉంది.

దానికి జవాబు పన్నెండేళ్ళకి దొరికింది. కార్లా హాఫ్, ప్రియాంకా పాండే అనే ఇద్దరు ఉత్తరప్రదేశ్ పల్లెల్లో ఆరు, ఏడు తరగతుల మగపిల్లలకి దారి కనుక్కునే చిక్కుబొమ్మలు ఇచ్చి పరీక్ష చేశారు. 321 మంది పైకులాల పిల్లలు, 321 మంది కింది కులాల పిల్లలు. ఎవరి కులమూ బయటికి చెప్పనప్పుడు రెండు పక్కలా సమానంగానే చేశారు. ఆరుగురిని కూచోబెట్టి ఒక్కొక్కడి పేరు, ఊరు, తండ్రి పేరు, తాత పేరు, కులం గట్టిగా చదివినాక చూస్తే మన పిల్లలు చేసినవి తగ్గిపోయాయి. అదే పిల్లలు, అవే బొమ్మలు. 2004లో బయటికొచ్చింది ఈ పరిశోధన. చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వాళ్ళు పరీక్ష కోసం చేసినపని నేను ఏటేటా జీతం తీసుకుని చేశాను.

మళ్ళీ ఆ పిల్ల దగ్గరికి వస్తాను. కోతల కాలంలో ఆ పిల్ల బడికి రావడం మానేస్తే వాళ్ళింటికి పోయాను. అవ్వతో పాటు కోతకి పోయిందన్నారు. పొద్దుగూకేదాకా కూచున్నా. గోడ మీద బొగ్గుతో గీతలున్నాయి. ఏందవి అంటే, ‘కూలి లెక్క సార్’ అంది. కూలి రోజుకి మూడు మానికల వడ్లు. ఆసామి మానికని అవ్వ తన మానికలో పోసి చూసింది, గిద్ద తక్కువ. ‘రోజుకి మూడు గిద్దలు సార్. పదహారు రోజులకి నలభైఎనిమిది. అంటే మూడు మానికలు. పదహారు రోజులు పోతే ఒక రోజు కూలి ఎగ్గొట్టినట్టు’ అంది ఆ పిల్ల, గడగడా. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. మానికలో పదహారో వంతు గిద్ద. నేను రెండు నెలలనుంచి భిన్నాలు చెప్తున్నా, ఆ పిల్ల రెండు నెలలనుంచి రాదంటావుంది!

మర్నాడు గిద్ద, సోల, తవ్వ, మానిక తెచ్చి బల్లమీద పెట్టాను. నీళ్ళు పోసి కొలుద్దామనుకున్నా, కానీ నీళ్ళంటే మళ్ళీ ఎవరు ముట్టుకున్న నీళ్ళు అనే గొడవ వస్తుంది. ఇసక తెచ్చాం. గుంపులు చేసేటప్పుడు కులం చూడలేదు, చీటీలు తీయించాను. బోర్డు దగ్గరికి ఒక్కణ్ణే పిలవడం మానేసి నలుగుర్ని ఒకేసారి పిలిచాను, బోర్డుని నాలుగు ముక్కలు చేసి. ఎవడి వీపు ఎవడు చూడాలో తెలియక నవ్వేవాడు లేకుండా పోయాడు. ఆ పిల్ల మొదటిసారి సుద్దముక్క పట్టుకుంది. మానికలో పదహారో వంతు అని రాసింది.

ఎవరి పేరూ చెప్పలేదు మేము. అయినా మూడోరోజు ఆసామి బడికొచ్చాడు. హెడ్మాస్టరు ముందు కూచుని, ‘ఏందయ్యా పంతులూ, లెక్కలు చెప్పమంటే మా లెక్కలు తీస్తున్నావా’ అన్నాడు. నేను లేచి నిలబడే ఉన్నాను. జవాబు చెప్పలేదు. కొలపాత్రలు ఇంటికి పట్టుకుపోయాను. గట్టిగా నిలబడ్డానని రాసుకుంటే బాగుండేది. రాయలేను. చీటీలూ, నాలుగు ముక్కల బోర్డూ మాత్రం వదల్లేదు. స్కాలర్‌షిప్ కాగితాలు తరగతిలో చదవడం మానేశాను. కావలసినవాళ్ళని ఒక్కొక్కర్నీ విడిగా పిలిచి సంతకాలు పెట్టించేవాణ్ణి. పని పెరిగిందని గుమస్తా సణిగాడు.

అన్నిటికంటే కష్టమైంది ఇంకోటి. ఒకరోజు బోర్డు మీద నిజంగానే తప్పు చేశాను. గుర్తు మార్చడం మర్చిపోయా. పాత అలవాటు ప్రకారం చప్పున చెరిపెయ్యబోయాను. ‘సార్, అక్కడ మైనస్ గదా’ అని గొంతు వినబడింది, ఆ పిల్లదే. చెయ్యి ఆగిపోయింది. ముందు వరసలో ఇద్దరు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ‘అవును, తప్పే’ అన్నాను. తప్పుని చెరపలేదు, పక్కన సరిచేసి, ఇట్టా ఎందుకొచ్చిందో చెప్పాను. కాళ్ళు వణికినాయి. కానీ ఆ నెలలో ‘రాదండి’ అనేవాళ్ళు తగ్గారు, తప్పో ఒప్పో చెప్పేవాళ్ళు పెరిగారు. నా గంటసేపటి ఉపన్యాసం చెయ్యనిది ఒక్క మైనస్ చేసింది.

ఇప్పుడు కాలేజీలకి వచ్చి వేదికలెక్కి ‘నువ్వు అనుకుంటే ఏదైనా సాధిస్తావ్’ అని చెప్పేవాళ్ళు బాగా తయారయ్యారు. పిల్లలకి రెండు గంటలు చప్పట్లు కొట్టిస్తారు. అనుకోకపోవడమే తప్పయితే, అనుకున్నవాళ్ళ సంగతి ఏందని నేను అడుగుతా. గుంటూరు రోహిత్ వేముల అనుకున్నాడు. పరిశోధక విద్యార్థి అయ్యాడు. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో నలుగురు మిత్రులతో పాటు హాస్టల్నుంచి బయటికి పంపితే, క్యాంపస్‌లోనే వెలివాడ కట్టుకుని పడుకున్నారు. 2016 జనవరి 17న చనిపోయాడు. అతనికి తక్కువైంది ఆత్మవిశ్వాసమా? పిల్లోడి తలలోని ‘రాదు’ని తీసెయ్యమంటారు, తలుపు మీది ‘రావద్దు’ని ముట్టుకోరు.

అందుకని చేతులు ముడుచుకోమనీ అనను. మన రాష్ట్రంలో 1980లలో మొదలైన సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదివిన పిల్లలు, మలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్, 2014 మే 25న ఎవరెస్టు ఎక్కారు. ఆరోజు నేను ఏడ్చాను. ఆ గురుకులాల్లో పిల్లలు రోజూ నేను ఎవరికీ తక్కువ కాదని గొంతెత్తి చెప్పేవాళ్ళు. కొందరు వెక్కిరించారు, నేను వెక్కిరించను. వేల ఏళ్ళుగా రోజూ తక్కువని చెప్పినప్పుడు, కాదని రోజూ చెప్పాల్సిందే. కానీ మన పిల్లోడు ఎవరెస్టు ఎక్కితే తప్ప మనిషిగా లెక్కలోకి రాడా అనే బాధ కూడా నాకుంది. కరణంగారి మనవడు ఏ కొండా ఎక్కలేదు. భాగహారం తప్పు చేశాడు, మళ్ళీ చేశాడు, బ్యాంకు ఉద్యోగం చేసుకుని రిటైరయ్యాడు. ఆ మామూలుతనం మాకు కావాల.

ఆ పిల్ల పదోతరగతి పాసయింది. లెక్కల్లో 61. ఇంకా చదివించమని వాళ్ళ నాయన్ని బతిమాలాను, పెళ్ళి చేశారు. ఆ పదకొండుమందిలో పైకి వచ్చినోళ్ళు ముగ్గురు. మిగతావాళ్ళని నేను కాపాడలేకపోయాను.

పోయినేడు ఫోను చేసింది. విజయవాడలో ఉంటున్నారు, మొగుడు ఆటో తోల్తాడు, ఈమె బట్టల కొట్లో లెక్కలు రాస్తది. కూతుర్ని అప్పుచేసి ఒక కార్పొరేట్ బడిలో చేర్చారు. అక్కడ నెలనెలా మార్కుల ప్రకారం సెక్షన్లు మారుస్తారట. పిల్ల చివరి సెక్షన్‌కి పడింది. ‘మా సెక్షనోళ్ళకి లెక్కలు రావంట అమ్మా, మా మేడమే చెప్పింది అంటావుంది సార్’ అని చెప్పి కాసేపు ఊరుకుంది. తర్వాత, ‘సార్, ఆ గిద్దా సోలా ఇంకా ఉన్నాయా?’ అని అడిగింది.

అటక మీద ఉన్నాయి. దించి, చింతపండు పెట్టి తోమించాను. ఆదివారం పిల్లని తీసుకుని వస్తామన్నారు.